చెట్టు కింద గుడ్లగూబ పిల్ల పడి ఉంది, మళ్ళీ తల్లి దగ్గరికి చేర్చడం ఎలా?

మల్లెపందిరి
శనివారం, సాయంత్రం 5:38

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. కాస్త తొందరగా ఎవరైనా చెప్పండి, ఇంకో గంటలో చీకటి పడిపోతుంది.

ఇంటి పక్కన పెద్ద చెట్టు ఉంది. దాని కింద కుక్క ఒకటే మొరుగుతుంటే వెళ్ళి చూశాను. వేళ్ళ సందున దూదిముద్దలా ఏదో ఉంది. తీరా చూస్తే గుడ్లగూబ పిల్ల! నా పిడికిలి కంటే కాస్త పెద్దది. బూడిదరంగు నూగు, అంతలేసి పసుపు కళ్ళు. దగ్గరికి వెళ్తే ముక్కు టకటకలాడిస్తోంది. తలని గుండ్రంగా తిప్పుతోంది, అటు వంచి ఇటు వంచి చూస్తోంది. పడినప్పుడు తలకి దెబ్బ తగిలి మతి తప్పిందేమో అని భయంగా ఉంది. పైన కొమ్మల మీద రెండు కాకులు తిష్ట వేశాయి.

మా అబ్బాయి చెంచాతో పాలు పట్టబోతే ఆపాను. నేను చేత్తో పట్టుకుంటే మనిషి వాసన తగిలి తల్లి దగ్గరికి రానివ్వదని అంటారు కదా, అందుకే ఇంకా ముట్టుకోలేదు. ఏం చేయాలి?

సందేహాలరావు
శనివారం, సాయంత్రం 5:44

పాలు ఎందుకు ఆపారండీ? మా చిన్నప్పుడు పిచ్చుక పిల్లకి పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టాం. చక్కగా తింది. రెండు రోజులు బతికింది.

రెక్కలవార్డు
శనివారం, సాయంత్రం 5:47

రావు గారూ, ఆ "రెండు రోజులు"లోనే జవాబు ఉంది.

మల్లెపందిరి గారూ, పాలు ఆపి మంచిపని చేశారు. పాలు, నీళ్ళు, బ్రెడ్డు, ఏదీ వద్దు. వాసన సంగతి వట్టి అపోహ, నిశ్చింతగా పట్టుకోండి. గుడ్లగూబలు పిల్లల్ని ముఖ్యంగా కూతని బట్టే వెతుక్కుంటాయి. మనిషి ముట్టుకున్నాడని వదిలేయవు. తల తిప్పడం కూడా మామూలే. వాటి కళ్ళు గుంటల్లో అటూ ఇటూ కదలవు, బిగుసుకుపోయి ఉంటాయి. దేన్నైనా దూరం అంచనా వేయాలంటే తలే తిప్పాలి. మీరు ఎంత దూరంలో ఉన్నారో కొలుస్తోందన్నమాట. టకటకమంటే "దగ్గరికి రావద్దు" అని బెదిరింపు. అలా బెదిరిస్తోందంటే ఓపిక ఉన్నట్టే, నాకైతే అది శుభవార్త.

ముందు కుక్కని ఇంట్లో కట్టేయండి. ఓ పాత తువ్వాలు వెనకనుంచి దానిమీద కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతుల్తో ఎత్తండి. కాళ్ళ దగ్గర జాగ్రత్త. ముక్కు కంటే గోళ్ళే ప్రమాదం. మూత ఉన్న అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పెట్టి, అడుగున గుడ్డ పరిచి అందులో ఉంచండి. నున్నటి అట్టమీద కాళ్ళు జారి చీలిపోతాయి, అందుకే గుడ్డ. తీగల పంజరంలో మాత్రం పెట్టకండి, కొత్త ఈకలు విరిగిపోతాయి.

పెట్టెలో పెట్టేముందు ఇవి చూసి చెప్పండి: ఎక్కడైనా నెత్తురు ఉందా, రెండు రెక్కలూ ఒకేలా ముడుచుకున్నాయా, రెండు కళ్ళూ ఒకే తీరుగా తెరుచుకున్నాయా, కాళ్ళు చల్లగా ఉన్నాయా, నూగు మధ్య బియ్యపుగింజల్లా తెల్లగా ఈగ గుడ్లు ఏమైనా ఉన్నాయా. పిల్లి గానీ నోట కరుచుకుందని అనుమానం ఉంటే మిగతావన్నీ వదిలేసి వెంటనే వైద్యుడి దగ్గరికి. పిల్లి పంటిగాటు పైకి సూదిబెజ్జంలా కనిపిస్తుంది, లోపల మాత్రం విషమిస్తుంది.

మల్లెపందిరి
శనివారం, సాయంత్రం 6:09

పట్టుకున్నాను! చేతులు వణికాయి గానీ అది పెద్దగా గొడవ చేయలేదు. నెత్తురు లేదు. రెక్కలు రెండూ ఒకేలా ఉన్నాయి. కళ్ళు బాగున్నాయి. పాదం కింద వేలు పెడితే గట్టిగా పట్టేసింది, గోరు తోటపని చేతొడుగులోంచి కూడా తెలిసింది. రెక్కల అంచున సన్నటి గొట్టాల్లా మొలుచుకొస్తున్నాయి, వాటి కొసల్లోంచి ఈక కొంచెం కుచ్చులా విచ్చుకుంటోంది. తోక అసలు లేదు.

పైకి చూస్తే మొదటి పెద్ద కొమ్మ విరిగిన చోట తొర్ర ఉంది. పన్నెండు పదిహేను అడుగుల ఎత్తు ఉంటుంది. దాని కింద మానుమీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. నేలమీద బొటనవేలంత బూడిదరంగు ఉండలు నాలుగైదు. ఒకదాన్ని పుల్లతో విప్పితే లోపల వెంట్రుకలు, పురుగుల రెక్కల పెంకులు, బియ్యపుగింజంత పళ్ళున్న చిన్న దవడ ఎముక. మా అబ్బాయి దాన్ని అగ్గిపెట్టెలో దాచుకున్నాడు.

అయ్యో, ఇప్పుడే పెట్టె తెరిచి చూశాను. బోర్లా పడిపోయి ఉంది, తల పక్కకి వాలిపోయింది. కదలడం లేదు. పోయినట్టుంది. నావల్లే.

రాత్రిడ్యూటీ
శనివారం, సాయంత్రం 6:11

పోలేదండీ, నిద్రపోతోంది. పిల్లలకి తల బరువెక్కువ, కూర్చుని నిద్రపోవడం ఇంకా చేతకాదు. అలా బొక్కబోర్లా పడుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చినంత పనిచేశాను. మూత పెట్టేసి వదిలేయండి.

మల్లెపందిరి
శనివారం, సాయంత్రం 6:13

వేలితో తడితే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసింది. నా ప్రాణం లేచొచ్చింది.

రెక్కలవార్డు
శనివారం, సాయంత్రం 6:20

ఊరికే తట్టి లేపకండి పాపం. :)

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి మూడు వారాల చుట్టుపక్కల పిల్ల. తొర్రలో గూడు పెట్టే చిన్నజాతి అనిపిస్తోంది. ఈ చిన్నజాతులు దాదాపు నెల రోజులకి గూడు వదులుతాయి. అంటే మీ పిల్ల ఓ వారం ముందే పడింది. రెక్కల ఈకలు సగంపైగా వచ్చి, పొట్టి తోక మొలిచి, కొమ్మల మీద గెంతుతూ ఉంటే "కొమ్మలెక్కే వయసు" అంటాం. ఆ వయసు పిల్ల నేలమీద కనిపిస్తే చాలాసార్లు అది పడిపోయినట్టు కాదు, బడికి వెళ్తున్నట్టు. మీది ఆ వయసు కాదు కాబట్టి పైకి చేర్చాలి.

అన్నిటికంటే మంచిది, వచ్చిన తొర్రలోకే మళ్ళీ పెట్టేయడం. మీరు ఒక్కరే ఎక్కకండి. కింద నిచ్చెన పట్టుకునే మనిషి, కళ్ళకి అద్దాలు, తలకి హెల్మెట్ ఉండాలి. నవ్వుకోకండి. ఎరిక్ హాస్కింగ్ అని బ్రిటన్‌లో పేరున్న పక్షి ఫొటోగ్రాఫర్. 1937లో టానీ ఔల్ అనే అడవి గుడ్లగూబ గూడు దగ్గరికి వెళ్తే అది చీకట్లో చప్పుడు లేకుండా వచ్చి గోళ్ళతో కొట్టింది. ఎడమ కన్ను పోయింది. మీది చిన్నజాతే అయినా కన్ను కన్నే కదా.

గోడమీదగూబ
శనివారం, సాయంత్రం 6:34

ఒక మాట చెప్పాలి. ఇక్కడ చదివేవాళ్ళందరూ "నేలమీద ఉంటే బడికి వెళ్తోంది, వదిలేయండి" అన్న ముక్క ఒక్కటే గుర్తుపెట్టుకుని వెళ్తారేమోనని భయం.

మూడేళ్ళ కిందట మేముండే చోట పాత గోదాము పైకప్పులో బార్న్ ఔల్స్ గూడు పెట్టాయి. తెల్లటి హృదయాకారపు ముఖం ఉంటుందే, అవి. ఒక పిల్ల దూలం మీదనుంచి కింద పడింది. ఇంటర్నెట్‌లో వెతికితే "తల్లిదండ్రులు నేలమీదే తినిపిస్తాయి, ముట్టుకోవద్దు" అని ఉంది. ఫోన్‌లో అడిగినాయన కూడా అదే చెప్పాడు. సరేనని వదిలేశాం. రాత్రంతా దాని బుసలాంటి అరుపు వినిపిస్తూనే ఉంది. పెద్ద పక్షులు ఎలుకలు తెచ్చి పైన గూట్లో పిల్లలకి పెట్టి పోతున్నాయి, కింద ఉన్నదాని వంక చూడలేదు. రెండో రాత్రి అరుపు సన్నగిల్లింది. మూడో రోజు పొద్దున చచ్చిపోయింది.

తర్వాత తెలిసిందేంటంటే, వాళ్ళు చెప్పింది టానీ ఔల్, గ్రేట్ హార్న్డ్ ఔల్ లాంటివాటికి నిజమే. టానీ పిల్లలు గూడు వదిలి కొమ్మలు పట్టుకుని తిరుగుతాయి, నేలమీద పడినా ముక్కుతో, గోళ్ళతో బెరడు పట్టుకుని మళ్ళీ పైకి పాకుతాయి. పెద్దవి కూతని బట్టి వచ్చి తినిపిస్తాయి. బార్న్ ఔల్ సంగతి వేరు. వాటి లెక్కలో ఆహారం గూటికే. ఎగరడం రాని పిల్ల గూటి బయట పడితే, సాధారణంగా పట్టించుకోవు. దాన్ని గూట్లోనే పెట్టాలి, చెట్టుకి బుట్ట కడితే కూడా లాభం లేదు.

కాబట్టి ముందు అది ఏ జాతో తెలుసుకోండి. ఆ మూడు రాత్రుల అరుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

టార్చిలైటు
శనివారం, సాయంత్రం 6:41

ఇంత హడావిడి అవసరమా? ప్రకృతిలో బలహీనమైనవి పోతాయి. మనం మధ్యలో దూరి చేసేదేముంది. అన్నిటినీ వదిలేయడమే న్యాయం.

గోడమీదగూబ
శనివారం, సాయంత్రం 6:43

అన్నా, చెట్టు కింద కుక్క ప్రకృతా?

టార్చిలైటు
శనివారం, సాయంత్రం 6:50

సరే, అది ఒప్పుకుంటాను. కానీ ఒకటి మాత్రం నిజం, దొరికిన ప్రతి పిల్లనీ "కాపాడి" తీసుకొచ్చేవాళ్ళే ఎక్కువ. తల్లి పక్క కొమ్మమీదే కూర్చుని చూస్తూ ఉంటుంది పాపం.

పంజావైద్యం
శనివారం, సాయంత్రం 6:58

టార్చిలైటు గారి రెండో మాటతో నేను ఏకీభవిస్తాను. పక్షులకి వైద్యం చేస్తుంటాను, పిల్లల కాలంలో మా దగ్గరికి వచ్చే గుడ్లగూబ పిల్లల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. ఇంటి మనుషులే తెచ్చేస్తారు.

నీళ్ళు ఎందుకు వద్దో చెబుతాను. నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే శ్వాసనాళం ద్వారం కనిపిస్తుంది. డ్రాపర్‌తో పోసిన చుక్క తిన్నగా అందులోకి వెళ్ళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇక పాలు. పక్షులు పాలలోని చక్కెరని అరిగించుకోలేవు. నీరసించినదానికి విరేచనాలు పట్టుకుంటాయి. ఉత్త మాంసం ముక్కలు పెట్టడం కూడా తప్పే. ఒకటి రెండు రోజులకి ఏమీ కనిపించదు. వారం దాటితే సున్నం చాలక ఎముకలు వంగిపోతాయి. అడవిలో వాటికి తల్లి పెట్టేది ఎముక, బొచ్చు, పేగులతో సహా మొత్తం జంతువు.

సందేహాలరావు
శనివారం, రాత్రి 7:04

అయితే అన్నీ సరిగ్గా పెట్టి పెంచుకుంటే? ఎంత ముద్దుగా ఉంటుందో!

రెక్కలవార్డు
శనివారం, రాత్రి 7:10

చాలా దేశాల్లో అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. అది పక్కన పెట్టినా, కళ్ళు తెరిచాక రోజూ మనిషి ముఖమే చూస్తూ తింటే అది తనని మనిషి జాతే అనుకుంటుంది. కాన్రాడ్ లోరెంజ్ వెనకాల బాతు పిల్లలు వరసకట్టి నడిచే ఫొటోలు చూసే ఉంటారు. పక్షులు చిన్నప్పుడు చూసిన ముఖాన్ని ఎలా మనసులో అచ్చువేసుకుంటాయో లోకానికి బాగా తెలిసేలా చేసింది ఆయనే, 1973లో నోబెల్ పంచుకున్నవాళ్ళలో ఒకరు. బాతు పిల్ల వెంటపడితే ముచ్చటే. పెరిగిన గుడ్లగూబ మనిషిని జతగానో పోటీదారుగానో అనుకుంటే, దారినపోయేవాళ్ళ నెత్తిమీద వాలుతుంది. అలాంటిదాన్ని మళ్ళీ వదలలేం. మా వార్డులో ఒకటి ఉంది, పదకొండేళ్ళుగా పంజరంలోనే. ఒకప్పుడు ఎవరింట్లోనో ముద్దుగా పెరిగినదే.

మల్లెపందిరి
శనివారం, రాత్రి 7:16

పక్కింటాయన నిచ్చెన తెచ్చాడు. తొర్ర దాకా అందడం లేదు, ఇంకా నాలుగు అడుగులు తక్కువ. చీకటి పడింది. తొర్రలోంచి చిన్నగా కీచుమని వినిపిస్తోంది, అంటే ఇంకా పిల్లలు ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

రెక్కలవార్డు
శనివారం, రాత్రి 7:21

బుట్ట కట్టండి. చెత్తబుట్టలాంటి చిన్న వెదురు బుట్ట గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ చాలు. ప్లాస్టిక్‌దైతే అడుగున చిల్లులు పొడవండి, వాన పడితే పిల్ల మునిగిపోతుంది. లోపల ఎండుపుల్లలు, వాటి మీద ఎండుటాకులు. పచ్చిగడ్డి వద్దు, చెమ్మపట్టి బూజు వస్తుంది. నిచ్చెన అందినంత ఎత్తులో, తొర్రకి వీలైనంత దగ్గరగా, అదే మానుకి కట్టండి. మధ్యాహ్నం ఎండ సూటిగా పడే వైపు వద్దు. రెండు చోట్ల బిగించండి, పెద్ద పక్షి అంచుమీద వాలితే ఊగకూడదు. పిల్లి ఎక్కే దారి ఉంటే మాను చుట్టూ రేకు చుట్టండి.

తర్వాత ముఖ్యమైన పని: అక్కడినుంచి వెళ్ళిపోండి. ఇంట్లోకి వెళ్ళి లైట్లు ఆర్పేసి కిటికీలోంచి చూడండి.

మల్లెపందిరి
శనివారం, రాత్రి 8:02

కట్టేశాం. బట్టల బుట్ట బలి అయ్యింది. పది అడుగుల ఎత్తులో ఉంది. పిల్ల ఆకుల మధ్య కూర్చుని మావైపే చూస్తోంది.

మల్లెపందిరి
శనివారం, రాత్రి 9:40

ఎవరూ రాలేదు. గంటన్నర నుంచి చెట్టుకి కాస్త దూరంలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. పది నిమిషాలకోసారి టార్చి వేసి చూస్తున్నాను. పిల్ల అరవడం కూడా మానేసింది. నాకు టెన్షన్‌గా ఉంది.

రాత్రిడ్యూటీ
శనివారం, రాత్రి 9:42

కుర్చీలు ఎత్తేయండి! మీరే అడ్డం. టార్చి వేస్తే ఇంకేం వస్తుంది? అరవడం మానింది మీరు కనబడుతున్నందుకే. అది అరవకపోతే తల్లికి చోటు తెలియదు.

మల్లెపందిరి
శనివారం, రాత్రి 9:45

సిగ్గుగా ఉంది. "వెళ్ళిపోండి" అన్న మాట చదివి కూడా కూర్చున్నాను. లోపలికి వెళ్తున్నాం.

టార్చిలైటు
శనివారం, రాత్రి 9:51

నా పేరు చూసి ఎవరూ టార్చి వేయకండి.

పంజావైద్యం
శనివారం, రాత్రి 10:15

బుట్ట దగ్గరికి పిల్లి రాదని నమ్మకం ఉంటే రాత్రంతా అక్కడే ఉంచండి. పొద్దున్నే ఒక్కసారి మాత్రం చూడండి. పెద్దవి వచ్చి వెళ్ళుంటే కొత్త రెట్ట, సగం తిన్నదేదైనా, పొట్ట నిండుగా ఉబ్బి ఉండడం కనిపిస్తుంది. గుడ్లగూబకి గద్దకి ఉన్నట్టు గొంతు సంచి ఉండదు. తిన్నది నేరుగా పొట్టకే పోతుంది, అందుకే గొంతు తడిమి చూడడం వల్ల లాభం లేదు.

మల్లెపందిరి
ఆదివారం, ఉదయం 6:05

ఏమీ లేదు. రెట్ట లేదు, తిన్న గుర్తు లేదు. పిల్ల మెత్తగా ఉంది, నిన్నట్లా ముక్కు టకటకలాడించలేదు. కాళ్ళు కొంచెం చల్లగా అనిపించాయి.

పంజావైద్యం
ఆదివారం, ఉదయం 6:12

ఇక ఆగకూడదు. పెట్టెలో ఒక మూలకి గోరువెచ్చని నీళ్ళ సీసా గుడ్డ చుట్టి పెట్టండి, వేడి ఎక్కువైతే అది రెండో మూలకి జరిగేలా చోటు ఉండాలి. దగ్గర్లో వన్యప్రాణుల సంరక్షణ కేంద్రం ఏదుందో అక్కడికి తీసుకెళ్ళండి. దాన్ని వెచ్చబరిచి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసి, ఆ తర్వాతే తినిపిస్తారు. చల్లగా ఉన్న పిల్లకి తిండి పెడితే అరగదు. సాయంత్రానికి మళ్ళీ చెట్టు దగ్గరికి తేవాలని గట్టిగా అడగండి.

సందేహాలరావు
ఆదివారం, ఉదయం 8:30

ఒకరోజు వేరేచోట ఉండి వస్తే తల్లి తీసుకుంటుందా?

రెక్కలవార్డు
ఆదివారం, ఉదయం 8:48

తీసుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత తిరిగొచ్చినవాటిని కూడా తీసుకున్న సందర్భాలు మా దగ్గరే ఉన్నాయి, గూట్లో ఇంకా పిల్లలకి తినిపిస్తూ ఉంటే చాలు. అసలు తల్లిదండ్రులు దొరకకపోతే అదే జాతి, అదే ఈడు పిల్లలున్న వేరే గూట్లో కూడా పెడతాం. వచ్చిన పెద్ద పక్షి పిల్లల లెక్క చూసుకోదు. నోరు తెరిచి అరిచినదానికి పెట్టేస్తుంది. అది మాత్రం అనుభవం ఉన్నవాళ్ళే చేయాలి. చిన్న గూట్లోకి పెద్ద పిల్లని దింపితే అక్కడున్నవాటి తిండి కూడా ఇదే లాగేసుకుంటుంది.

మల్లెపందిరి
ఆదివారం, సాయంత్రం 4:50

తీసుకొచ్చాం. ఒంట్లో నీరు తగ్గిందన్నారు, ఎముకలు బాగున్నాయట. ఎలుక పిల్లని ముక్కలు చేసి పటకారుతో పెట్టారు. పెట్టే అమ్మాయి ముఖం కనబడకుండా బట్ట కప్పుకుంది. మూడు ముక్కలు మింగి నాలుగోది ఉమ్మేసింది. బరువు 96 గ్రాములు. అక్కడ ఒకాయన "ఇక్కడే ఉంచేయండమ్మా" అన్నాడు గానీ, తొర్రలో ఇంకా పిల్లలు ఉన్నాయని చెబితే ఆ అమ్మాయే "తల్లి కంటే మేం బాగా పెంచలేం, తీసుకెళ్ళండి" అంది.

ఒకటి అడగాలి. అసలు ఎందుకు పడి ఉంటుంది?

రెక్కలవార్డు
ఆదివారం, సాయంత్రం 5:03

చాలావరకు తోపులాటే. గుడ్లగూబ మొదటి గుడ్డు పెట్టిన దగ్గర్నుంచే పొదగడం మొదలుపెడుతుంది. అందుకే పిల్లలు ఒకేరోజు బయటికి రావు. బార్న్ ఔల్‌లో అయితే రెండు మూడు రోజులకొకటి చొప్పున వస్తాయి, పెద్దదానికీ చిన్నదానికీ రెండు వారాల తేడా కూడా ఉంటుంది. తిండి తేగానే అన్నీ తొర్ర వాకిట్లోకి ఎగబడతాయి. ఆ తోపులాటలో ఒకటి జారుతుంది. గాలివాన, కొమ్మ విరగడం, పాములాంటిది లోపలికి రావడం కూడా ఉంటాయి.

పంజావైద్యం
ఆదివారం, సాయంత్రం 5:11

ఇంకోటి కూడా. చుట్టుపక్కల ఎవరైనా ఎలుకల మందు పెట్టారా?

మల్లెపందిరి
ఆదివారం, సాయంత్రం 5:19

నేనే పెట్టాను. వెనక సామాన్ల గదిలో, నీలంరంగు దిమ్మలు. పది రోజులైంది. ఎలుకలు చచ్చాయి గానీ అన్నీ కనబడలేదు.

పంజావైద్యం
ఆదివారం, సాయంత్రం 5:30

దానివల్లే పడిందని అనడం లేదు, మీ పిల్లలో ఆ లక్షణాలు లేవు. కానీ ఇవాళే తీసేయండి. బ్రోడిఫాకోమ్ లాంటి మందులు నెత్తురు గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా, పట్టపగలు కూడా బయట తిరుగుతుంది. గుడ్లగూబకి అంతకంటే సులువైన వేట ఏముంటుంది? ఆ మందు కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది. ఒక ఎలుక ఏమీ చేయకపోవచ్చు, వరసగా తింటే పోగుపడుతుంది. చిన్న దెబ్బకే లోపల నెత్తురు కారి పోతాయి. మా బల్లమీదకి వచ్చే పెద్ద పక్షుల్లో కొన్నిటికి పైన ఒక్క గాయం ఉండదు, నోట్లో చర్మం మాత్రం పాలిపోయి ఉంటుంది. తొందరగా పట్టుకుంటే విటమిన్ కె తో కొన్ని బతుకుతాయి.

దిమ్మలు చేతొడుగులతో తీసి సీల్ చేయండి. చచ్చిన ఎలుకలు దొరికితే బయట పారేయకండి.

మల్లెపందిరి
ఆదివారం, సాయంత్రం 6:02

తీసేశాను. పదకొండు దిమ్మలు పెడితే ఏడు దొరికాయి. ఒక ఎలుక బీరువా వెనక ఉంది.

పిల్లని బుట్టలో పెట్టాం. మనుషులందరం లోపలే ఉన్నాం. వంటింటి లైటు కూడా ఆర్పేశాను.

మల్లెపందిరి
ఆదివారం, రాత్రి 7:26

వచ్చింది!!!

చేతులు ఆగడం లేదు, తప్పులుంటే సర్దుకోండి. 6:50కి పిల్ల మొదలుపెట్టింది, పాత తలుపు కిర్రుమన్నట్టు, పది పన్నెండు క్షణాలకోసారి. తొర్రలోవి కూడా అందుకున్నాయి. ఏడు దాటాక ఎదురుగా ఉన్న కరెంటు తీగమీద పెద్దది వాలింది. వాలేదాకా మాకు తెలియనే లేదు, అంత నిశ్శబ్దం. నోట్లో ఏదో వేలాడుతోంది. ముందు తొర్రకే వెళ్ళింది, వాకిట్లో తల దూర్చి పెట్టి బయటికొచ్చింది. బుట్టవైపు చూసి తల గుండ్రంగా తిప్పింది, అచ్చం పిల్ల నన్ను చూసి తిప్పినట్టే! మళ్ళీ వెళ్ళిపోయింది. నా గుండె జారిపోయింది. ఆరేడు నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి నేరుగా బుట్ట అంచుమీద. బుట్ట ఊగలేదు (రెండు ముళ్ళు వేయించిన రెక్కలవార్డు గారికి దండం). వంగింది, పిల్ల అరుపు మధ్యలో ఆగిపోయింది. మింగుతోందన్నమాట.

ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. మా అబ్బాయి కాగితం మీద గీతలు పెడుతున్నాడు.

గోడమీదగూబ
ఆదివారం, రాత్రి 7:31

ఆ "అరుపు మధ్యలో ఆగిపోయింది" అన్న ముక్క రెండుసార్లు చదివాను.

రాత్రిడ్యూటీ
ఆదివారం, రాత్రి 7:33

డ్యూటీలో ఉండి చదివి గట్టిగా అరిచాను. పక్కసీటాయన ఏమైందని అడిగాడు. గుడ్లగూబకి తిండి దొరికింది అని చెప్పాను.

రెక్కలవార్డు
ఆదివారం, రాత్రి 8:15

ఇక చేయాల్సింది ఏమీ లేదు. రోజూ నిచ్చెన వేసి చూడకండి. ఫొటో కావాలంటే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా. కింద కుక్కని పది పదిహేను రోజులు వదలకండి.

మల్లెపందిరి
ఐదు రోజుల తర్వాత, శుక్రవారం, ఉదయం 7:10

బుట్ట ఖాళీ! కింద ఎక్కడా లేదు. అంతా వెతికాం, ఈకలు కూడా లేవు. పిల్లి ఎత్తుకుపోయిందంటారా?

రెక్కలవార్డు
శుక్రవారం, ఉదయం 7:25

పిల్లి పని అయితే నూగు చెల్లాచెదురుగా పడి ఉంటుంది. నేలమీద కాదు, పైన వెతకండి. మానుకి ఆనుకుని, ఆకుల నీడలో.

మల్లెపందిరి
శుక్రవారం, ఉదయం 7:52

దొరికింది. బుట్టకి మూడడుగుల పైన, మానుకి అతుక్కుని కూర్చుంది. బెరడు రంగులో కలిసిపోయి, రెండు కళ్ళూ సన్నటి గీతల్లా మూసుకుని. పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఏది మాదో తెలియడం లేదు.

టార్చిలైటు
శుక్రవారం, ఉదయం 8:20

"మాది" అంట!

మల్లెపందిరి
పన్నెండో రోజు, గురువారం, సాయంత్రం 6:44

మళ్ళీ ఒకటి నేలమీదికొచ్చింది. ఈసారి నేను పెట్టె తేలేదు, కుక్కని లోపలికి లాక్కెళ్ళి తలుపేసుకుని చూశాను. కాసేపు కూర్చుంది. తర్వాత మాను దగ్గరికి గెంతుకుంటూ వెళ్ళి, ముక్కుతో బెరడు పట్టుకుని, గోళ్ళు గుచ్చి, రెక్కలు టపటప కొట్టుకుంటూ ఎక్కింది. రెండుసార్లు జారింది. మూడోసారి నిచ్చెన చివరి మెట్టు దాకా వెళ్ళి దాని మీద కూర్చుండిపోయింది. నిచ్చెన ఇంకా అక్కడే ఉంది మరి, పక్కింటాయనకి తిరిగివ్వలేదు.

సందేహాలరావు
గురువారం, సాయంత్రం 6:58

అయితే నిచ్చెన ఎప్పుడు తీయొచ్చు?

రెక్కలవార్డు
గురువారం, రాత్రి 7:05

పిల్ల దిగాక తీయండి. బుట్ట మాత్రం ఈ సీజన్ అయ్యేదాకా ఉండనివ్వండి, అప్పుడప్పుడు పగలు వచ్చి అందులో పడుకుంటాయి.

మల్లెపందిరి
గురువారం, రాత్రి 9:30

పక్కింటాయన నిచ్చెన కోసం వచ్చాడు. మీద పిల్ల కూర్చుని ఉందని చూపించాను. ఐదు నిమిషాలు చూసి, "రేపు తీసుకుంటాలే" అని వెళ్ళిపోయాడు.